మందుల కిటికీ మూసిన మా మరదలు

మా మరదలు పోయిన నెల రిటైరయింది. ఆస్పత్రి వాళ్ళు ఆవిడ గురించి నాలుగు మాటలు రాసిపెట్టమని నన్ను అడిగారు. నేను కుదరదన్నాను. అప్పటినుంచీ మా ఆవిడ చెవిలో జోరీగలా పోరుతూనే ఉంది.

"నీ చెల్లెలి గురించి నేను రాస్తే మెచ్చుకోలు తక్కువ, తిట్లు ఎక్కువ ఉంటాయి" అని ముందే చెప్పాను.

"ఉన్నది ఉన్నట్టు రాయండి. మీ తిట్లని అదెప్పుడు లెక్కచేసింది కనక" అంది.

సరే, రాస్తున్నాను. ముందుగా రాసేవాడెవడో చదివేవాళ్ళకు తెలియాలి. నేను పల్లెటూరి బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి. ఒకటే గది, ఒకరే మాస్టారు. ఆ గదిలో నా దస్తూరీని మించిన దస్తూరీ లేదు. మాస్టారు పైవాళ్ళకు రాసుకునే అర్జీలు కూడా నా చేతే రాయించేవారు. తర్వాత ముప్ఫై మూడేళ్ళు పెద్దాస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీలో పనిచేశాను. అందులో పద్దెనిమిదేళ్ళు పెద్ద గుమాస్తాగా చేశాను. నేను చేరిన రోజున రోగుల ఫైళ్ళు గోనెసంచుల్లో ఉండేవి. ఎలుకలు కొట్టినవి పోగా మిగిలినవాటిని అరల్లోకి ఎక్కించి, ఏడాదికో రంగు అట్ట వేయించినది నేను. టోకెన్ల పద్ధతి పెట్టించినది నేను. ఏ రోగి వచ్చి నిలబడినా రెండు నిమిషాల్లో అతని ఫైలు డాక్టరు బల్లమీద ఉండేది. తనిఖీకి వచ్చిన అధికారులు నన్ను మెచ్చుకుంటూ ఇచ్చిన ఉత్తరాలు నాలుగు మా ముందుగదిలో అద్దాలు కట్టించి ఉన్నాయి. కావాలంటే వచ్చి చూసుకోవచ్చు.

మా మరదలు నా తర్వాత పన్నెండేళ్ళకు అదే ఓపీలో మందులిచ్చే ఉద్యోగానికి వచ్చింది. ఆ ఉద్యోగం ఖాళీ ఉందని చెప్పింది నేనే. ఆ మాట నలుగురిలో అన్నప్పుడల్లా, "నోటీసు పేపర్లో పడింది బావా, మీ జేబులోంచి రాలేదు" అనేది. మొహం మీద కొట్టినట్టు మాట్లాడటం దానికి పుట్టుకతో వచ్చింది. నేను తెచ్చిన పెళ్ళి సంబంధాలు మూడు. మూడో పెళ్ళికొడుకును కూర్చోబెట్టి, "రోజుకు ఎన్ని సిగరెట్లు, ఎప్పట్నించి, దగ్గుందా" అని అడిగింది. అతను కాఫీ సగంలో వదిలేసి లేచిపోయాడు. ఆ తర్వాత నేను సంబంధాల జోలికి పోలేదు, అదీ అడగలేదు. సైకిలు షాపు మీద రెండు గదుల్లో మా అత్తగారిని కడదాకా తన దగ్గరే పెట్టుకుని చూసింది. అది మాత్రం ఒప్పుకుంటాను.

మందుల కిటికీ అంటే గోడలో మూరెడు వెడల్పు సందు. ఇనుప ఊచలు, కింద చెయ్యి పట్టేంత ఖాళీ, లోపలివైపు చెక్క తలుపు. చీటీ లోపలికి వెళ్ళాలి, పొట్లం బయటికి రావాలి. ఇంతే పని. కానీ మా మరదలు ఒక్కొక్కరినీ మూడు ప్రశ్నలు అడిగేది. తింటున్నావా, నిద్రపడుతోందా, ఇంకేమైనా మందులు వేసుకుంటున్నావా. ఇవి డాక్టరు అడగాల్సినవి. ఆయన అడిగాకే చీటీ రాసి పంపుతాడు. ఈవిడ మళ్ళీ అడగటంతో వరుస సైకిళ్ళ స్టాండు దాకా పాకేది. జనం విసుక్కుంటూ ఉంటే నేనే ఆవిడకు అడ్డుపుల్ల అని పేరు పెట్టాను. ఆ పేరు ఓపీ అంతా పాకింది. నేను కాదనను.

ఇక మా డాక్టరుగారు, మా కౌన్సెలింగు మేడమ్. ఈ ఇద్దరి సంగతి చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. డాక్టరుగారిది రెండో నంబరు గది, మేడమ్‌ది ఏడో నంబరు. మధ్యలో నా అడుగుల్లో ఇరవై రెండు. ఒకసారి మీటింగులో డాక్టరుగారు, "నా మందు పనిచేసేదాకా రోగికి కాలక్షేపం కావాలి కదా, అందుకు మేడమ్ ఉన్నారు" అన్నాడు. మేడమ్ నవ్వలేదు. "మీరు చీటీ మీంచి తలెత్తి రోగి మొహం చూస్తే నా కాలక్షేపం తగ్గుతుందండి" అంది. అంతే. అప్పటినుంచి రెండేళ్ళ పాటు ఇద్దరూ ఎడమొహం పెడమొహం. వరండాలో ఎదురుపడితే ఒకరు గోడవైపు, ఒకరు తోటవైపు చూసుకుంటూ పోయేవాళ్ళు. ఒకే రోగిని నెలనెలా ఇద్దరూ చూసేవాళ్ళు. అతని గురించి ఆవిడ ఏం చెప్పాలన్నా ఉత్తరం రాసేది. ఆ ఉత్తరం నాకు వచ్చేది.

డాక్టరుగారికి ఆ ఉత్తరాలు చూస్తే ఒళ్ళు మంట. "నాలుగు పేజీల కథలు నాకెందుకయ్యా, ఫైల్లో పెట్టెయ్" అనేవాడు. ఈలోగా తనిఖీ వాళ్ళు వచ్చి, ఉత్తరాలు రోజులతరబడి వైద్యులు చూడకుండా పడి ఉన్నాయని నామీద పడ్డారు. తప్పు ఎవరిది, మాట ఎవరికి? అప్పుడు నేను ఒక ముద్ర చేయించాను. "వైద్యులు చూశారు" అని, కింద తేదీ. మేడమ్ ఉత్తరం నా బల్లమీదికి రాగానే ముద్ర పడేది. తర్వాత ఫైలు వెనకభాగంలో కుట్టేవాణ్ణి. డాక్టరుగారు ఎలాగూ ఫైలు తెరుస్తారు, కావాలంటే చూసుకుంటారు అన్నది నా లెక్క. మరుసటి ఏడు తనిఖీలో ఒక్క కాగితం కూడా ఆగిపోయి లేదు. నాలుగో మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది అందుకే.

మా ఓపీకి బోర్డులు రాసే పెయింటరు ఒకతను వచ్చేవాడు. ఊళ్ళో సగం దుకాణాల మీద ఉన్నది అతని అక్షరమే. జబ్బు ముదిరినప్పుడు వారం రోజులు నిద్రపోయేవాడు కాదు. ఒకసారి ఎవరూ చెప్పకుండానే ఒక వీధి వీధంతా బోర్డులు చెరిపేసి తనకు నచ్చినట్టు రాసిపెట్టాడు. దుకాణాల వాళ్ళు కొట్టబోతే పెళ్ళాం అడ్డం పడింది. లిథియం అనే మందు పడ్డాక నాలుగేళ్ళు మంచి మనిషిలా పని చేసుకున్నాడు. ఆ మందుతో ఒక చిక్కుంది. రక్తంలో కాస్త ఎక్కువైతే అదే విషం. కొన్ని నొప్పి బిళ్ళలు దానికి తోడైతే ఒంట్లోంచి పోకుండా పేరుకుపోతుంది. అందుకే మూడు నెలలకోసారి రక్తం పరీక్ష చేయించాలి.

అతనికి నిచ్చెనలు ఎక్కీ దిగీ మోకాళ్ళు పట్టేశాయి. ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆయన నొప్పి బిళ్ళలు రాశాడు. మన ఓపీకి వస్తున్న సంగతి అక్కడ చెప్పలేదు. పిచ్చికి మందు తింటున్నాడని తెలిస్తే బోర్డు రాయించేవాడు ఎవడు అని అతని భయం. ఆ బిళ్ళల సంగతి మన డాక్టరుగారికీ చెప్పలేదు. ఆయన అడగందే ఎలా చెబుతాడు? చెప్పింది ఒక్క కౌన్సెలింగు మేడమ్‌కి. ఆవిడ ఉత్తరం రాసింది. నెల తిరిగేసరికి మాట ముద్దగా వస్తోంది, చేతులు వణుకుతున్నాయి అని ఇంకోటి రాసింది. రెండింటిమీదా ముద్ర పడింది. రెండూ ఫైలు వెనక్కి వెళ్ళాయి.

ఆ నెల డాక్టరుగారు ఫైలు ముందువైపు మాత్రం చూశాడు. మనిషి నిలకడగా కూర్చోవడం లేదు, పొంతన లేకుండా మాట్లాడుతున్నాడు అని పెళ్ళాం చెప్పింది. పాత జబ్బు తిరగబెడుతోందని ఆయన అనుకున్నాడు. లిథియం మోతాదు పెంచి చీటీ రాశాడు.

ఆ చీటీ కిటికీకి వెళ్ళిన పది నిమిషాలకు వరండాలో గోల మొదలైంది. వెళ్ళి చూస్తే కిటికీ చెక్క తలుపు వేసి ఉంది. వరుసలో అరవై మంది ఉన్నారు. పెయింటరు గోడకు చేతులానించి నిలబడ్డాడు. నేను వెనక తలుపు తోసుకుని మందుల గదిలోకి వెళ్ళాను.

"ఏమ్మా, పదకొండన్నా కాలేదు, అప్పుడే మూశావేం?"

"డాక్టరుగారిని ఇక్కడికి రమ్మనండి బావా. ఏడో గది మేడమ్‌ని కూడా."

"ఎందుకు?"

పొట్లం తీసుకునేముందు రోగులు సంతకం పెట్టే పుస్తకం నా ముందుకు తోసింది. నాలుగు నెలల పేజీలు తిప్పింది. మొదటి నెల పెయింటరు సంతకం అచ్చు గుద్దినట్టుంది. రెండో నెల తలకట్లు ఒరిగాయి. మూడో నెల గీత దాటింది. ఆ రోజుది పిల్లి గీరినట్టుంది.

"అక్షరాలు రాసి బతికే మనిషి బావా. వాంతులవుతున్నాయట, నడుస్తుంటే తూలుతున్నాడట. ఏడు నెలలుగా రక్తం పరీక్ష లేదు. పైగా మోతాదు పెంచారు. ఇంకేం మందులు వేసుకుంటున్నావంటే పెళ్ళాం మొహం చూసి నేల చూస్తున్నాడు."

"రాసిన మందు ఇవ్వడం నీ పని. రాయడం ఆయన పని. కాగితాలు చేర్చడం నా పని. ఎవరి పని వాళ్ళు చేసుకుంటే గొడవే ఉండదు."

"అందరూ ఎవరి పని వాళ్ళే చేశారు. అందుకే అతను గోడ పట్టుకుని నిలబడ్డాడు. నేనీ పొట్లం ఇవ్వను. ఇచ్చేవాళ్ళు ఎవరైనా ఉంటే తాళాలు ఇవిగో."

తాళాలు బల్లమీద పడేసింది. నాకు వచ్చిన కోపానికి ఆ తాళాలు తీసుకుని నేనే ఇచ్చేసేవాణ్ణి. కానీ మందు ముట్టుకునే అధికారం గుమాస్తాకు లేదు. రూలు రూలే. వెళ్ళి డాక్టరుగారిని పిలిచాను.

ఆయన వస్తూనే, "మీరు డాక్టరా?" అన్నాడు మా మరదలితో.

"కాదండి. అయ్యుంటే ఈ కిటికీ దగ్గర కాదు, రెండో గదిలో కూర్చునేదాన్ని."

"నా చీటీ ఆపడానికి మీకెవరిచ్చారు అధికారం?"

"ఎవరూ ఇవ్వలేదు. అతని చేతులు చాపించి చూడండి, తర్వాత నన్ను ఉద్యోగంలోంచి తీయించండి. నేనెక్కడికీ పారిపోను."

అప్పటికి ఏడో గది మేడమ్ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. డాక్టరుగారు ఆవిడను చూసి గోడవైపు తిరిగాడు. రెండేళ్ళ అలవాటు. మా మరదలు ఊరుకుందా?

"గోడతో తర్వాత మాట్లాడుకోవచ్చండి. మేడమ్, ఇతను మీతో ఇంకేమైనా మందుల సంగతి చెప్పాడా?"

"చెప్పాడు. నొప్పి బిళ్ళలు. మూడు నెలల నుంచి. ఉత్తరం రాశాను" అంది మేడమ్. తర్వాత డాక్టరుగారి వీపువైపు చూస్తూ, "ఒకటి కాదు, రెండు. వారు చూశారు కూడా. చూసి మరీ మోతాదు పెంచారంటే ఇంక నేనేం చెప్పను" అంది.

డాక్టరుగారు గిర్రున తిరిగాడు. "నేనా? ఏ ఉత్తరం? మీ ఉత్తరం ఒక్కటి కూడా నా కంటపడలేదు."

"ముద్ర ఉందండి, తేదీతో సహా."

"అబద్ధం."

"ఫైలు తెప్పించండి."

తెచ్చాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. వెనకభాగంలో దారం విప్పితే రెండు ఉత్తరాలూ బయటికి వచ్చాయి. రెండింటిమీదా నీలం సిరాతో ముద్ర చక్కగా పడి ఉంది. డాక్టరుగారు నిలబడే చదివాడు. చదవడం అయ్యాక నావైపు తిరిగాడు.

"ఇవి నాకెప్పుడు చూపించావయ్యా?"

"చూపించలేదండి. చూసినట్టు వేశాను."

ముప్ఫై మూడేళ్ళలో నేను అబద్ధమాడింది లేదు, ఆ రోజు కూడా ఆడలేదు. ముగ్గురూ నన్నే చూశారు. ఆ ముగ్గురూ ఒకే వైపు చూడటం రెండేళ్ళలో అదే మొదలు.

తర్వాతి పని డాక్టరుగారు త్వరగానే చేశాడు, ఆ మాట చెప్పాలి. పెయింటరును కూర్చోబెట్టి చేతులు చాపించాడు, వేలితో ముక్కు ముట్టుకోమన్నాడు. వేలు చెంపకు తగిలింది. స్ట్రెచరు తెప్పించి, అత్యవసర విభాగానికి పంపించాడు. తనే వెంట వెళ్ళాడు. అక్కడ రక్తంలో లిథియం ఉండాల్సినదానికి మూడింతలు ఉందని తేలింది. యంత్రం పెట్టి రెండుసార్లు రక్తం శుభ్రం చేశారు. ఇంకో వారం ఆ పెంచిన మోతాదు పడి ఉంటే మనిషి దక్కేవాడు కాదన్నారు. పదకొండు రోజులు మంచం మీద ఉన్నాడు.

ఆ పదకొండు రోజులూ ఓపీలో కాగితాల యుద్ధం నడిచింది. డాక్టరుగారు మందుల కిటికీ మీద ఫిర్యాదు రాశాడు, మేడమ్ డాక్టరుగారి మీద రాసింది, ఇద్దరూ కలిసి నామీద రాశారు. రెండేళ్ళలో ఆ ఇద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే. నాకు మెమో వచ్చింది. నా సర్వీసు మొత్తంలో అదొక్కటే, దాన్ని పెట్టె అడుగున పెట్టాను. మా మరదలికి కూడా ఇరవై అయిదు నిమిషాలు కిటికీ మూసినందుకు మెమో వచ్చింది. వెనకవైపు తెల్లగా ఉందని దానిమీద మందుల నిల్వ రాసుకుంది.

"ముద్ర చేయించిన తెలివి మీది, మెమో ఇద్దరికీనా?" అంది నాతో.

"నువ్వు వరండాలో రచ్చ చేయకపోతే ఎవరికీ రాకపోను."

"అవును, పెయింటరుకి ఇక ఏ చీటీ అక్కర్లేకపోను" అంది.

ఆ మాటకు నేను ఆవిడతో మాట్లాడటం మానేశాను. పనికి సంబంధించినవి తప్ప.

సూపరింటెండెంటు ఒక ఉత్తర్వు ఇచ్చాడు. ప్రతి మంగళవారం మధ్యాహ్నం అరగంట డాక్టరు, కౌన్సెలింగు మేడమ్, మందులిచ్చే ఆవిడ ఒకే గదిలో కూర్చుని రోగుల గురించి మాట్లాడుకోవాలి, పెద్ద గుమాస్తా రాసుకోవాలి. మొదటి మంగళవారం నలుగురం మందుల గదిలో కూర్చున్నాం. డబ్బాల వాసన, మూడు కుర్చీలు, నాకు స్టూలు. డాక్టరుగారు గోడవైపు, మేడమ్ తలుపువైపు తిరిగి కూర్చున్నారు. చివరికి మా మరదలు పుస్తకం తెరిచి పెయింటరు పేరు చదివింది.

అతను అదే రోజు వచ్చాడు, బయట బెంచీ మీద పెళ్ళాంతో కూర్చున్నాడు. మందు ఆపి అప్పటికి రెండు వారాలు దాటింది. నిద్ర తగ్గిందని, తెల్లవారకముందే లేచి రంగులు కలుపుతున్నాడని పెళ్ళాం చెప్పింది. మందు లేకపోతే మళ్ళీ వీధిన పడతాడు. మందు మొదలుపెట్టి నొప్పి బిళ్ళలు మానకపోతే మళ్ళీ మంచాన పడతాడు.

"తక్కువ మోతాదులో మొదలుపెట్టాలని ఆవిడకు చెప్పండి" అన్నాడు డాక్టరుగారు మా మరదలితో.

"ఎముకల డాక్టరుకు తెలియకుండా ఎలా మొదలుపెడతారో వారిని అడగండి" అంది మేడమ్, అదీ మా మరదలితోనే.

"నేను టెలిఫోను తీగనా?" అంది మా మరదలు. "ఒకరి మొహం ఒకరు చూసి చెప్పండి. లేకపోతే ఆ పెయింటరును లోపలికి పిలుస్తాను, అతని ముందు పోట్లాడుకోండి."

చూసుకున్నారు. చూసుకున్నాక ఇంకా గట్టిగా పోట్లాడుకున్నారు. లిథియమే వద్దు, వేరే మందు అని మేడమ్. మందుల సంగతి మీకెందుకు అని డాక్టరుగారు. నాలుగేళ్ళు నిలబెట్టింది ఆ మందే అని ఆయన, పడగొట్టింది కూడా అదే అని ఆవిడ. నా చేతిలో కలం ఆగలేదు. మూడు పేజీలు రాశాను. ఆ మాటలన్నీ ఇప్పటికీ రికార్డులో ఉన్నాయి, ఒక్క కొట్టివేత లేదు. చివరికి తేలింది ఇది: సగం మోతాదు, వారానికో రక్తం పరీక్ష, నొప్పి బిళ్ళలు పూర్తిగా బంద్. ఆ సంగతి ఎముకల డాక్టరుకు ఉత్తరం ద్వారా తెలియాలి. ఆయన సరేనన్నాకే పొట్లం ఇవ్వాలి.

"పెయింటరు ఒప్పుకుంటేనే ఉత్తరం" అంది మేడమ్. పిలిచి అడిగారు. అతను తలుపు దగ్గరగా వేసి చెప్పాడు.

"కవరు అంటించండి. ఆ డాక్టరు ఒక్కడే చదివేట్టయితే సరే. అక్కడి గుమాస్తాకు మా వీధే."

డాక్టరుగారు ఉత్తరం చెప్పాడు, నేను రాశాను, మేడమ్ చదివి ఒక మాట మార్చింది, ఆయన పళ్ళు నూరుకుని ఒప్పుకున్నాడు. కవరు నేనే తీసుకువెళ్ళాను.

ఎముకల విభాగంలో గుమాస్తా చెయ్యి చాపాడు. "ఇలా పెట్టి వెళ్ళండి పెద్దాయనా, చూస్తారు."

ఆ "చూస్తారు" అన్న మాట ఎలా పుడుతుందో నాకంటే తెలిసినవాడు లేడు.

"చేతికే ఇవ్వాలి" అన్నాను.

"లోపల కట్లు కడుతున్నారు. గంటవుతుంది."

"అవనీ."

గంటన్నర నిలబడ్డాను. కుర్చీ చూపించినా కూర్చోలేదు. లోపలికి వెళ్ళాక ఆ డాక్టరు కవరు తీసుకుని పక్కన పెట్టబోయాడు.

"చదవండి" అన్నాను.

"మీరెవరు?"

"మానసిక విభాగంలో పెద్ద గుమాస్తాను. మీరు చదివేదాకా ఇక్కడే ఉంటాను."

నన్ను ఎగాదిగా చూసి కవరు చింపాడు. చదివాడు. మళ్ళీ మొదటినుంచి చదివాడు. తన చీటీల పుస్తకంలో ఏదో వెతికి కొట్టేశాడు. వేరే మందు రాసి, కింద రెండు వరుసలు జవాబు రాసి, తనే కవరు అంటించి నా చేతికిచ్చాడు.

"మాకీ సంగతి ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"మాలో మేమే చెప్పుకోలేదండి" అన్నాను.

నేను తిరిగి వచ్చేసరికి ఓపీ ఖాళీ అయింది. మందుల కిటికీ మాత్రం తెరిచే ఉంది. పెయింటరు, పెళ్ళాం బెంచీ మీదే ఉన్నారు.

"చదివాడా?" అంది మా మరదలు.

"చదివాడు."

"మీరు చూశారా?"

"ఎదురుగా నిలబడ్డాను. రెండుసార్లు చదివాడు."

జవాబు తీసుకుని డాక్టరుగారికి చూపించి వచ్చింది. ఏడు రోజుల పొట్లం కట్టింది. వచ్చే సోమవారం రక్తం రిపోర్టు లేకుండా వస్తే కిటికీలోంచి గాలి కూడా ఇవ్వనని పెళ్ళానికి రెండుసార్లు చెప్పింది. పెయింటరు సంతకం పెట్టడానికి చాలాసేపు పట్టింది. గీత దాటలేదు. అతనిప్పటికీ బోర్డులు రాస్తున్నాడు. పెద్ద అక్షరాలు తను రాస్తాడు, సన్నగీతలు పెళ్ళాం దిద్దుతుంది. మంగళవారాల పోట్లాట కూడా నడుస్తూనే ఉంది. నేను రిటైరయ్యాక రాసేవాడి దస్తూరీ మాత్రం చదవలేకుండా ఉందట.

ఆ రోజు పెయింటరూ పెళ్ళామూ వెళ్ళాక నేను స్టూలు మీద కూలబడి కాళ్ళు పిసుక్కుంటున్నాను. మా మరదలు తాళాలు వేసుకుంటూ నావైపు చూసింది.

"అక్క వంటచేసి ఎదురుచూస్తుంటుంది. ఇక్కడ కూర్చుని గొప్పలు చెప్పుకోకుండా ఇంటికి పొండి బావా."

"నేనింకా ఏ గొప్పా చెప్పలేదు."

"చెప్తారుగా" అంది.